కారు అడుగుభాగం చూపించని ప్రకటన వెయ్యకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల మోజు గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫోన్‌లోనే వెతికి, ఫోన్‌లోనే బేరమాడి, ఇంటి ముందుకే కారు దించుకోవచ్చని రాశారు. నిజమే, చాలామంది అలాగే కొంటున్నారు. అలా దించుకున్న కార్లలో కొన్ని నెల తిరక్కుండానే మాలాంటి వాళ్ల షెడ్డుకు వస్తాయి. అవి ఏ స్థితిలో వస్తాయో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను టింకరింగ్ మేస్త్రిని. రేకు సాపు చెయ్యడం, తుప్పు పట్టిన ముక్క కోసి కొత్త ముక్క అతకడం, రంగు మనిషికి బండి అప్పజెప్పడం, బతుకంతా ఇదే పని. షెడ్డు ఇప్పుడు మా అబ్బాయి నడుపుతున్నాడు. పాత కారు వచ్చిందంటే మాత్రం నాకు కబురు పెడతాడు.

ప్రకటనల్లో ఫొటోలకు లోటుండదు. ముందు నుంచి, వెనక నుంచి, సాయంత్రపు ఎండలో పక్క నుంచి, సీట్లు, స్టీరింగు, డాష్‌బోర్డు, అన్నీ ఉంటాయి. కారు అడుగుభాగం ఫొటో మాత్రం ఉండదు. బండి చట్రం మీద ఫ్యాక్టరీలో కొట్టే చాసిస్ నంబరు ఫొటో ఉండదు. పాత కారు కొనేవాడు మొట్టమొదట చూడాల్సినవి ఆ రెండే. మిగతావన్నీ ఆ తర్వాత.

మా తమ్ముడి కొడుకు అలాగే ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పాత బీటిల్ కారు ఒకటి తెప్పించుకున్నాడు. చిన్నప్పటి నుంచి వాడికి ఆ కారంటే ప్రాణం. "పెదనాన్నా, ఒక్కసారి చూసి చెప్పు" అని తీసుకొచ్చాడు. లేత నీలం రంగు, కొత్తగా కొట్టించిన రంగు, క్రోమియం బంపర్లు తళతళలాడుతున్నాయి. డ్రైవర్ వైపు తలుపు తీసి మూశాను. చివర్లో కాస్త పైకెత్తి నొక్కితే గానీ పడలేదు. కీళ్లు అరిగినా అలా అవుతుంది, కింద బాడీ కుంగినా అలా అవుతుంది. కీళ్లు కొత్తవి.

వెనక సీటు పైకి తీయించాను. బీటిల్‌లో బ్యాటరీ అక్కడే, సీటు కింద కుడివైపు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆసిడ్ ఆవిరి, తేమ కలిసి ఆ మూల రేకును తినేస్తాయి. బీటిల్ ఎరిగిన ఏ మేస్త్రి అయినా ముందు అక్కడికే చేయి పోనిస్తాడు. అక్కడ కొత్త రబ్బరు మ్యాట్ పరిచి ఉంది. లాగితే దాని కింద నల్లటి అండర్‌కోటింగ్, అంటే తుప్పు రాకుండా కారు అడుగున వేసే పూత, దళసరిగా, ఇంకా తారు వాసన పోలేదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. మంచి రేకు ఖంగుమంటుంది. అది దబ్బుమంది. మొన పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. స్క్రూడ్రైవర్ తీసి చూస్తే ఆ చిల్లులోంచి మా షెడ్డు నేల కనిపించింది. పాత రేకు కోసి వెల్డింగు చెయ్యకుండా, దాని మీదే పల్చటి రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టి నలుపు పూశారు.

తర్వాత తలుపుల కింద ఉండే పెట్టెలు చూశాం. ఇంజన్ దగ్గరి వేడిగాలి లోపలికి వచ్చేది వాటిలోంచే, కారు బాడీకి బలమిచ్చేదీ అవే. రంగు గీకితే లప్పం, లప్పం గీకితే ఫోము. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే. ప్రకటనలో "తుప్పు లేదు" అని రాశాడట అమ్మినవాడు. డబ్బు మొత్తం ముందే పంపేశాడు మావాడు. ఇప్పుడు ఆ మనిషి ఫోను ఎత్తడం లేదు. "ఫొటోల్లో ఇవేవీ కనపడలేదు పెదనాన్నా" అన్నాడు వాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. ఆ కుర్రాణ్ణి ఏమని అనగలం? కనపడకుండా తీసిన ఫొటోలవి. నా కోపమంతా అలాంటి ఫొటోలతో ప్రకటన వెయ్యనిచ్చిన వాళ్ల మీద.

ఇంజన్ పాడైతే విప్పి మళ్లీ కట్టొచ్చు. బీటిల్ లాంటి వాటికి కొత్త సామాను ఇప్పటికీ దొరుకుతుంది. సీట్లు కుట్టించొచ్చు, వైరింగు మార్చొచ్చు. అడుగు కుళ్లిన కారుకు మాత్రం పని ఎక్కడ ఆగుతుందో మేస్త్రి కూడా ముందుగా చెప్పలేడు. కోసుకుంటూ పోయే కొద్దీ మంచి రేకు దొరకదు. మొత్తం ఖర్చు కారు కొన్న ధరను దాటిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే కారు అడుగుభాగం చూడండని ఇంతగా మొత్తుకుంటున్నాను.

ఏ కారుకు ఎక్కడ తుప్పు పడుతుందో అందరికీ ఒకే సూత్రం లేదు. 1962లో వచ్చిన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు విడి చాసిస్ ఉండదు, బాడీయే బలం. దాని తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలు, అంటే సిల్స్, కుళ్లితే కారు నడుమే విరిగినట్టు. పైకి కనిపించే సిల్ కొత్తది వేసి లోపలి పొరలను అలాగే వదిలేసేవాళ్లున్నారు. పాత ల్యాండ్ రోవర్ సంగతి వేరు. 1948లో మొదలైన ఆ బండికి బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేశారు, అది ఎర్రగా తుప్పు పట్టదు. కాబట్టి పైన చూసి మురిసిపోతారు. కింద చాసిస్ ఉక్కు, పెట్టె ఆకారంలో ఉంటుంది, లోపలి నుంచి కుళ్లుకొస్తుంది. బయట గీత కూడా కనపడకముందే లోపల సగం పోయి ఉంటుంది. పోర్షే 911లో 1976 మోడల్ నుంచి బాడీ రేకుకు జింకు పూత వచ్చింది. అంతకు ముందువి కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అయస్కాంతం సంగతి చాలామందికి తెలుసు. చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి రేకు మీద పెడితే, కింద ఉక్కు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం దళసరిగా ఉన్నచోట జారిపోతుంది. మంచి పద్ధతే. కానీ ల్యాండ్ రోవర్ అల్యూమినియం బాడీ మీద అది పనికిరాదు. షెవర్లే కార్వెట్ మీద కూడా పనికిరాదు, 1953లో మొదటి కార్వెట్ నుంచీ దాని బాడీ ఫైబర్‌గ్లాస్. "బాడీ ఫైబరే కదా, తుప్పు బాధ లేదు" అని కార్వెట్ కొనేవాళ్లకు ఒక మాట. 1963 నుంచి వచ్చిన వాటిలో ముందు అద్దం చుట్టూ, తలుపుల చుట్టూ లోపల ఉక్కు చట్రం ఉంటుంది. నీళ్లు ఆ అద్దం అంచుల్లోంచి దిగి ఆ చట్రాన్ని తింటాయి. ఫైబరు మీద కొత్త రంగు వేస్తే బయటికి ఏమీ తెలియదు.

రంగు మందం కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంది. పరీక్షించే మనిషి దగ్గర అది ఉందో లేదో అడగండి. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 200 మైక్రాన్ల మధ్య ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మళ్లీ రంగు వేస్తే పెరుగుతుంది, అది తప్పేం కాదు, పాత కారుకు రంగు వెయ్యకుండా ఎలా? వెయ్యి దాటి చూపిస్తుంటే మాత్రం కింద లప్పం ఉన్నట్టే.

ఇక నంబరు. ఇప్పటి కార్లకుండే 17 అక్షరాల నంబరు పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ల నుంచి స్థిరపడింది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు, ఒకటి, సున్నా అంకెలతో కలిసిపోతాయని. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిదే. నంబరు కొడితే కారు చరిత్ర చెప్పే ఆన్‌లైన్ సేవలు ఎక్కువగా ఆ 17 అక్షరాల మీదే నడుస్తాయి. అంటే 1970 నాటి కారు కొనేవాడికి అవి పెద్దగా ఉపయోగపడవు. "చరిత్ర వెతికాను, తప్పేమీ దొరకలేదు" అంటే దొరకడానికి అక్కడ ఏమీ లేదేమో అని కూడా ఆలోచించాలి.

పాత నంబరు చదవడం నేర్చుకుంటే చాలా సంగతులు చెబుతుంది. 1964 ఏప్రిల్‌లో జనం ముందుకొచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ తీసుకోండి. 1965, 66 మోడళ్ల నంబరులో అయిదో అక్షరం ఇంజన్‌ను చెబుతుంది. అక్కడ 'కె' ఉంటే 289 క్యూబిక్ అంగుళాల హై పెర్ఫార్మెన్స్ ఇంజన్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు. 'సి' ఉంటే అదే కొలతలో మామూలు ఇంజన్. రెండింటి ధరకూ పొంతనే ఉండదు. అమ్మేవాడు బాడీ మీద బ్యాడ్జీ మార్చగలడు, ఇంజన్ కూడా మార్చగలడు. ఆ అక్షరం మార్చాలంటే రేకు మీద కొట్టిన నంబరు చెరపాలి, చెరిపితే జాడ మిగులుతుంది. అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయా, చుట్టూ గ్రైండర్ గీతలున్నాయా, ఆ ముక్క మటుకు కొత్త వెల్డింగుతో అతికించి ఉందా, పలక రివెట్లు మిగతావాటికంటే కొత్తగా ఉన్నాయా, ఇవన్నీ దగ్గరి నుంచి తీసిన ఫొటోలో తెలుస్తాయి. అందుకే నంబరు టైపు చేసి పంపితే చాలదు, నంబరు ఫొటోయే కావాలి. బీటిల్‌కైతే వెనక సీటు కింద, మధ్యలో పోయే టనెల్ మీద కొట్టి ఉంటుంది. ఆ ఫొటో కావాలంటే అమ్మేవాడు సీటు ఎత్తక తప్పదు. ఎత్తితే బ్యాటరీ మూల కూడా కనపడుతుంది.

నంబరు చెప్పని సంగతులూ ఉన్నాయి. 1964, 65ల్లో పోంటియాక్ జీటీఓ విడి మోడల్ కాదు, అదే కంపెనీ లెమాన్స్ కారు మీద అదనంగా తీసుకునే ప్యాకేజీ మాత్రమే. అందుకని ఆ రెండేళ్ల కార్ల నంబరు చూసి అది అసలు జీటీఓనో, తర్వాత ఎవరో బ్యాడ్జీలు తగిలించిన లెమాన్సో చెప్పలేం. 1966లో విడి మోడల్ అయ్యాకే నంబరు 242తో మొదలైంది. ఇలాంటి చోట ఫ్యాక్టరీ రికార్డే దిక్కు. పోంటియాక్ కార్లకు ఆ పాత రికార్డుల నకళ్లు ఇచ్చే పోంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ అమెరికాలో ఉంది. బ్రిటన్‌లో గేడన్ అనే ఊళ్లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆస్టిన్, మారిస్, ఎంజీ లాంటి కార్లకు హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగులో బయటికొచ్చింది, మొదటి ఇంజన్ నంబరు ఏమిటి అన్నది పాత రిజిస్టర్లు చూసి రాసిస్తారు. అమ్మేవాడు ఎరుపు అసలు రంగు అంటుంటే, సర్టిఫికెట్‌లో తెలుపు అని ఉంటే, మాట్లాడటానికి మీ చేతిలో ఒక కాగితం ఉన్నట్టు. కొనకముందే అమ్మేవాడి చేత తెప్పించాల్సిన కాగితమిది. కొన్నాక తెప్పించుకుంటే గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కారు కాగితాల మాట ఒకటి చెప్పాలి. రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరున్నవాడే యజమాని అని మనం అనుకుంటాం. బ్రిటన్‌లో వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రం మీదే అది యాజమాన్యానికి రుజువు కాదని అచ్చేసి ఉంటుంది. అక్కడ కొనేవాడు పాత కొనుగోలు రసీదులు కూడా అడగాలి. అమెరికాలో టైటిల్ అనే పత్రం మీద అప్పిచ్చిన సంస్థ పేరు ఉంటే ఆ అప్పు తీరినట్టు రాతపూర్వకంగా రావాలి. ఏ దేశమైనా సరే, కాగితం మీది నంబరు, కారు మీది నంబరు, అమ్మే మనిషి గుర్తింపు కార్డు మీది పేరు, డబ్బు వెళ్లే బ్యాంకు ఖాతా పేరు, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలవాలి. ఖాతా బావమరిదిదనీ, స్నేహితుడిదనీ అన్నారంటే అక్కడితో ఆగిపోవడమే మంచిది.

అసలు కారే లేని ప్రకటనలు ఇంకో రకం. మా షెడ్డుకు వచ్చే ఒక కుర్రాడు, కొనబోతున్న కారుకు రంగు ఖర్చు ఎంతవుతుందో అడగడానికి ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. ఒక్కొక్కటే వేలితో జరుపుతుంటే బయటి ఫొటోలో స్టీరింగు ఎడమవైపు ఉంది. లోపలి ఫొటోలో కుడివైపు ఉంది. రెండు దేశాల రెండు కార్ల ఫొటోలు ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి ఒక ప్రకటన అల్లారు. అడ్వాన్సు పంపడానికి సిద్ధంగా ఉన్న ఆ కుర్రాడు అక్కడికక్కడే ఆగాడు. ఫొటోను ఇంటర్నెట్‌లో తిరగేసి వెతికే సదుపాయం ఫోన్లోనే ఉంటుంది. అదే ఫొటో పాత వేలం పేజీలోనో, ఇంకో ఊరి ప్రకటనలోనో కనిపించిందంటే అర్థమైపోతుంది. అద్దాల ఆకారం, సీటు కుట్టు, నంబరు పలక, కారు నిలబెట్టిన నేల, అన్ని ఫొటోల్లోనూ ఒకటేనా అని నిదానంగా చూడాలి.

అలాంటి ప్రకటనల్లో ధర మార్కెట్ కంటే బాగా తక్కువ ఉంటుంది. దానికి ఒక కథ ఉంటుంది. భర్త పోయాడనో, ఉద్యోగం మీద విదేశం వెళ్లిపోయాననో, కారు ఇప్పటికే రవాణా కంపెనీ గోదాములో ఉందనో చెబుతారు. చూడటానికి మాత్రం వీలుపడదంటారు. ఇంకెవరో అడుగుతున్నారు, ఈ రాత్రికే అడ్వాన్సు వెయ్యమంటారు. పాత కారు ఎన్నో ఏళ్లు ఆగింది, ఇంకో వారం ఆగలేదా? తొందరపెట్టే మనిషికి మీరు చూడటం ఇష్టం లేదని అర్థం.

డబ్బును మూడో మనిషి దగ్గర ఉంచి, కారు చేతికొచ్చాక అమ్మినవాడికి ఇచ్చే ఎస్క్రో పద్ధతి మంచిదే. అందులో కూడా దొంగలు దూరారు. అమ్మేవాడే "ఈ ఎస్క్రో సైటులో కట్టండి" అని లింకు పంపుతాడు. పేరు పేరున్న కంపెనీదిలాగే ఉంటుంది, స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. ఫోను చేస్తే మాట్లాడే మనిషి కూడా ఉంటాడు. అతను పంపిన లింకు నొక్కకుండా, ఎస్క్రో సంస్థను మీరే ఎంచుకోండి, దాని చిరునామా మీరే టైపు చెయ్యండి, దానికి లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ నియంత్రణ సంస్థ జాబితాలో చూడండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే బేరం వదిలెయ్యండి. బ్యాంకు నుంచి నేరుగా ఒకరి ఖాతాలోకి పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

వీలైనంతవరకు మీరే వెళ్లి చూడండి. దూరమైతే, ఆ ఊళ్లో ఆ మోడల్ మీద పని చేసిన మేస్త్రిని పట్టుకుని, కూలి ఇచ్చి చూపించండి. పాత కార్ల క్లబ్బుల్లో అడిగితే అలాంటివాళ్లు దొరుకుతారు. అమ్మేవాడు చెప్పిన మేస్త్రి వద్దు. లిఫ్టు మీద ఎక్కించి చూడమనండి, లిఫ్టు లేకపోతే స్టాండ్ల మీద పెట్టాలి, ఒట్టి జాకీ నమ్ముకుని ఎవరూ కారు కిందికి దూరకూడదు. ఒక పూట పనికి ఇచ్చే కూలి చూసి వెనకాడేవాళ్లే తర్వాత మా దగ్గరికొచ్చి దానికి ఎన్నో రెట్లు కడతారు.

మేస్త్రి వెళ్లేముందు వీడియో కాల్ చేయించండి. ముందే తీసిన వీడియో వద్దు, అప్పటికప్పుడు మాట్లాడుతూ చూపించాలి. మీరు అడిగిన తలుపు తీయాలి, అడిగిన మ్యాట్ ఎత్తాలి, డిక్కీలో స్టెపినీ తీసి దాని కింది గుంట చూపించాలి. కాగితం మీద తేదీ రాసి కారు పక్కన పెట్టి ఫొటో పంపడం ఒకప్పుడు పనికొచ్చేది. ఇప్పుడు అలాంటి ఫొటో కంప్యూటర్‌లో చిటికెలో తయారుచేస్తున్నారు. స్టార్ట్ చెయ్యకముందు ఇంజన్ చల్లగా ఉండాలి, టెంపరేచర్ ముల్లు ఉన్న కారైతే అది చల్లటి వైపు ఉందో లేదో ముందు చూపించమనండి. వేడి ఇంజన్ చాలా రోగాలను దాచేస్తుంది. స్టార్ట్ అయ్యాక నీలం పొగ ఆగకపోతే ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక కూడా వస్తుంటే, నీళ్లతో చల్లబడే ఇంజన్లలో కూలెంట్ లోపలికి దిగుతూ ఉండొచ్చు. ఆయిల్ మూత అడుగున తెల్లటి జిడ్డు ఉంటే దానికీ అదే అనుమానం, కాకపోతే తక్కువ దూరాలు తిరిగే కారులో ఒట్టి తేమ వల్ల కూడా వస్తుంది, అడిగి తెలుసుకోవాలి. ఇంజన్ గురించి నేను ఇంతకంటే చెప్పను, అది నా పని కాదు.

టైర్లు ఎంత పాతవో వాటి మీదే రాసి ఉంటుంది. పక్కన ఇంగ్లీషులో డాట్ (DOT) అని ఉన్న వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2309 అని ఉంటే 2009లో 23వ వారంలో తయారైందని. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, పళ్లు ఎంత బాగున్నా ఆ రబ్బరు మీద రోడ్డెక్కకూడదు. తిరిగిన దూరం చూపించే పాత మీటర్లలో చాలావాటికి అయిదు అంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. "నలభై వేలే తిరిగింది" అన్నప్పుడు బ్రేకు పెడల్ మీది రబ్బరు చూడండి. కొత్త రబ్బరు వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి.

ఆన్‌లైన్ వేలంలో కొనేవాళ్లు "ఉన్నది ఉన్నట్టుగా" అన్న షరతు చదవాలి. కొన్నాక ఏమి బయటపడినా మీదే. కొన్నవాడి నుంచి వేలం సంస్థ తీసుకునే కమిషన్ అదనం, అది కలుపుకుని లెక్క వేసుకోండి. కారు లారీ దిగినప్పుడు డ్రైవర్ సంతకం పెట్టమని తొందరపెడతాడు. చీకట్లో దించినా సరే, టార్చి పట్టుకుని చుట్టూ చూసి, ఎక్కించేటప్పటి ఫొటోలతో పోల్చుకుని, గీత పడితే ఆ కాగితం మీదే రాసి అప్పుడు సంతకం పెట్టాలి. రవాణా బీమా కారు పూర్తి విలువకు ఉందో లేదో ఎక్కించకముందే కాగితం చూడాలి.

ఇన్ని జాగ్రత్తలు కొనేవాడి నెత్తినే పెట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. కారు అమ్మే సైట్లు ఈ ప్రకటనల మీదే డబ్బు సంపాదిస్తున్నాయి. చాలా సైట్లు ఫొటో లేకపోతే ప్రకటన తీసుకోవడం లేదు కూడా. అలాంటప్పుడు ఇరవై, ముప్పై ఏళ్లు దాటిన ప్రతి కారుకూ అడుగుభాగం ఫొటోలు, చాసిస్ నంబరు దగ్గరి ఫొటో తప్పనిసరి అని ఒక నిబంధన పెట్టడానికి వాటికేం అడ్డు? నంబరు అందరికీ చూపిస్తే దొంగలు వాడుకుంటారన్న భయం ఉంటే, సైటు తన దగ్గర ఉంచుకుని, నిజంగా కొనడానికి వచ్చినవాళ్లకు మాత్రమే చూపించొచ్చు. తుప్పున్న కారు అమ్మడం తప్పు కాదు. నేను ఎన్నో తుప్పు కార్లు మళ్లీ నిలబెట్టాను. తుప్పు ఉందని చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే కొనుక్కుని బాగు చేయించుకునేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నలుపు పూసి, మ్యాట్ పరిచి అమ్మడం మోసం. పాత కారంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లు ఆ ఒక్క దెబ్బతో ఆ దారినే వదిలేస్తున్నారు, నా బాధ అదే.

మీ పత్రికలో కూడా వాహనాల ప్రకటనలు వస్తాయి కాబట్టి మీ నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను. మీ వెబ్‌సైటులో పాత కారు ప్రకటన ఇచ్చేవాళ్లను ఈ రెండు రకాల ఫొటోలూ అడగండి, ఇవ్వనివాళ్ల ప్రకటన పక్కన "అడుగుభాగం చూపించలేదు" అని వెయ్యండి. కారు ఎత్తడానికి లిఫ్టు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. దానికి లిఫ్టు గానీ జాకీ గానీ అక్కర్లేదు. కారును చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఫోన్ టార్చి వెలిగించి, వీడియో ఆన్ చేసి, కెమెరా పైకి ఉండేలా ఒక చెక్కపలక మీద పెట్టి కర్రతో కారు కిందికి మెల్లగా తోసి లాగితే సరిపోతుంది. ముందు చక్రాల వెనక ఒకసారి, తలుపుల కింద ఒకసారి, వెనక చక్రాల ముందు ఒకసారి తియ్యమనండి.

ఇట్లు,
ఒక టింకరింగ్ మేస్త్రి